అల్లిక సూదులు లేకుండా, ఇంట్లో ఉన్న పెన్సిళ్లతో స్వెట్టర్ అల్లవచ్చా?

పెన్సిళ్లు పనికొస్తాయి, లావు ఊలుతో మఫ్లరు అల్లేంత వరకే. పెన్సిలు మందం ఇంచుమించు 7 మిల్లీమీటర్లు. దానితో పసిపిల్ల టోపీ అల్లితే కుట్ల సందుల్లోంచి గాలి దూరుతుంది. ఆరు పలకల పెన్సిలైతే కుట్లు జరగవు కూడా. ఇక వీడియోల్లో చెప్పే చాప్‌స్టిక్కులంటారా, హనుమకొండలో ఎవరింటి వంటగదిలో ఉన్నాయవి?

నా ఓటు సైకిలు స్పోకులకే. మా మేనత్త కాజీపేట రైల్వే క్వార్టర్లలో ఉండేవారు. పక్కింటి పంజాబీ ఆవిడ దగ్గర అల్లిక నేర్చుకున్నారు. మా తమ్ముడు పుట్టబోయే ముందు మేజోళ్లు అల్లుదామంటే సన్నసూదులు ఎక్కడా దొరకలేదు. నన్ను వెంటబెట్టుకుని సైకిలు రిపేరు షాపుకు వెళ్లారు. "ఏ చక్రానికమ్మా?" అని అతను. "చక్రానికి కాదు, చంటిపిల్ల కాళ్లకు" అని ఈమె. అతను ఇంకేమీ అడగకుండా పాత చక్రంలోంచి విప్పిన స్పోకులు గుప్పెడు చేతిలో పెట్టాడు, డబ్బులు కూడా తీసుకోలేదు.

అత్తయ్య ఒక్కో స్పోకునూ గచ్చు మీద దొర్లించి చూశారు. వంకర ఉన్నది గెంతుతుంది, అది పక్కకు. మర ఉన్న కొస, వంగిన తల రెండూ కోయించారు, మర గాట్లలో ఊలు చిక్కుకుంటుంది కనుక. రెండు కొసలూ సానరాయి మీద నూరారు, పోగు చీలకుండా మొన కాస్త మొద్దుగానే ఉంచారు. ఆపై గరుకు కాగితం, కొవ్వొత్తి మైనం, పాత గుడ్డతో గట్టిగా తుడవడం. నూనె రాయనివ్వలేదు, ఊలుకు మరక పడుతుందని. మూడు స్పోకుల మీద కుట్లు, నాలుగోదానితో అల్లిక. పక్క కుట్టు లేని మేజోడు గుండ్రంగా దిగింది. బల్లపరుపుగా అల్లేవాళ్లు మాత్రం తల కోయకండి, కుట్లు జారిపోకుండా ఆపేది అదే.

మామూలు స్పోకు మందం 2 మిల్లీమీటర్లు, అంటే 14 నంబరు సూది. ఈ నంబర్ల గొడవ ఒకటి! పాత బ్రిటిష్ లెక్కలో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, 8 నంబరంటే 4 మిల్లీమీటర్లు. దుకాణంలో అడిగితే "ఏదైనా ఒకటేనమ్మా" అంటారు. ఒకటే అయితే నంబరు ఎందుకు వేసినట్టు?

వరసల లెక్కకు చింతగింజలు చాలు. చీపురు ఈనెల జోలికి వెళ్లకండి, కుట్ల బరువుకే వంగిపోతాయి.

"వరంగల్ ఎండలకు ఊలెందుకు, దారంతో కాలక్షేపం కాకపోతే" అనే బంధువులు మీకూ ఉంటారు. కొత్తవాడలో నేసే వరంగల్ దర్రీలకు, అంటే జంపఖానాలకు, 2018లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న ఊరండీ ఇది, ఇక్కడ దారం పని కాలక్షేపమా? ఆ మాట అన్నవాళ్లను జనవరి తెల్లవారుజామున కాజీపేట ప్లాట్‌ఫారం మీద నిలబెట్టాలి.

ఊలు కూడా కొనక్కర్లేదు, పాత స్వెట్టర్ విప్పండి. ముందు దాని పక్క కుట్టు చూడండి. అంచు కత్తిరించి ఓవర్‌లాక్ (పోగులు విడకుండా అంచు చుట్టూ వేసే మిషన్ కుట్టు) చేసి ఉంటే వదిలేయండి, ప్రతి వరస దగ్గరా పోగు తెగి ముక్కలే వస్తాయి.