హిట్లర్ గద్దెనెక్కడానికి 1923 ద్రవ్యోల్బణమే కారణమా?

1923లో జర్మన్ మార్కు చిత్తు కాగితం అయిపోవడం వల్లే జనం హిట్లర్‌ను తెచ్చుకున్నారని పోటీ పరీక్షల పుస్తకంలో ఉంది, నిజమేనా అని అడిగారు. సగమే నిజమండీ. అసలు దెబ్బ 1930 తర్వాత పడింది. అది కూడా ధరలు పెరిగినప్పుడు కాదు, పడిపోయినప్పుడు.

నేను ఉద్యోగరీత్యా బెర్లిన్‌లో ఉంటున్నాను. ఇక్కడి మౌవర్‌పార్క్ ఆదివారం సంతలో ఆనాటి నోటు ఒకటి కొన్నాను. 1922 డిసెంబరు తేదీతో ఉన్న వెయ్యి మార్కుల నోటు అది. దాని మీదే ఎర్ర సిరాతో వంద కోట్ల మార్కులు అని మళ్లీ అచ్చు గుద్దారు. కొత్త నోటు తయారుచేసే తీరిక కూడా లేని రోజులు! 1923 నవంబరుకల్లా ఒక్క డాలరుకు 4.2 లక్షల కోట్ల మార్కులు. జీవితమంతా దాచుకున్నవాళ్లు నిలువునా మునిగిపోయారు. ఆ కసి ఏళ్ల తరబడి పోలేదు, దాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ కొత్త మార్కు వచ్చాక పరిస్థితి కుదుటపడింది. 1928 ఎన్నికల్లో హిట్లర్ పార్టీ అయిన నాజీలకు వచ్చిన ఓట్లు 2.6 శాతం. ద్రవ్యోల్బణమే కారణమైతే ఈ అంకె ఇంత తక్కువ ఎందుకుంటుంది?

ఆ కుదుటపడటం చాలావరకు అమెరికా అప్పుల మీద నడిచింది. 1929లో న్యూయార్క్ షేర్ మార్కెట్ కూలాక అప్పులిచ్చినవాళ్లు వెనక్కి అడగడం మొదలుపెట్టారు. నిరుద్యోగ భృతి నిధికి ఎవరెంత కట్టాలన్న గొడవ తెగక 1930 మార్చి 27న ఛాన్సలర్ (అంటే ప్రధాని) ముల్లర్ సంకీర్ణ ప్రభుత్వం పడిపోయింది. నా దృష్టిలో ఈ కథలో అన్నిటికన్నా ముఖ్యమైన తేదీ ఇదే. తర్వాత ఛాన్సలర్‌గా వచ్చిన బ్రూనింగ్‌కు పార్లమెంటులో మెజారిటీ లేదు. రాజ్యాంగంలో అత్యవసర అధికారాలిచ్చే 48వ అధికరణ కింద, అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ సంతకంతో ఆర్డినెన్సుల మీదే పాలన నడిపాడు. జనం చేతిలో డబ్బు ఆడని సమయంలో ఖర్చులు కోసి పన్నులు పెంచాడు. 1931 డిసెంబరులో ఒక్క ఆర్డినెన్సుతో జీతాలను 1927 జనవరి నాటి స్థాయికి దించేశాడు. 1932 మొదట్లో నమోదైన నిరుద్యోగులే 60 లక్షలు.

మా పై అంతస్తులో ఒక పెద్దావిడ ఉండేవారు. వాళ్ల నాన్నగారు ఫ్యాక్టరీలో ఫిట్టరట. పని పోయాక కార్డు మీద ముద్ర వేయించుకోవడానికి లేబర్ ఆఫీసు ముందు క్యూలో నిలబడేవారట. ముద్ర పడితేనే భృతి. అయినా ఆయన ఓటు కమ్యూనిస్టులకే. నాజీలకు వేసింది పల్లెటూళ్లో కొట్టున్న మేనమామ. ఆయనకు పని పోలేదు. ఉన్నది పోతుందేమోనన్న టెన్షన్, కమ్యూనిస్టులొస్తే కొట్టు లాక్కుంటారన్న భయం. ఇది ఒక్క ఇంటి సంగతే కాదు. పెద్ద నగరాల్లో నిరుద్యోగులు ఎక్కువగా కమ్యూనిస్టుల వైపు వెళ్లారు. ప్రొటెస్టెంటు పల్లెల్లోని రైతులు, చిన్న వ్యాపారులు నాజీలకు బలమయ్యారు.

ఇక మాంద్యం ఒక్క జర్మనీకే రాలేదు కదా. అమెరికాలో దాదాపు నలుగురిలో ఒకరికి పని లేదు, వాళ్లు రూజ్‌వెల్ట్‌ను ఎన్నుకున్నారు. స్వీడన్‌లో 1933లో సోషల్ డెమోక్రాట్లు, రైతుల పార్టీ రాజీకొచ్చి పనుల కల్పనకు దారి వేసుకున్నారు. ఇటలీలో ముస్సోలినీ 1922లోనే వచ్చేశాడు, మాంద్యానికి చాలా ముందు.

ఇంకో మాట. 1932 జులైలో 37.3 శాతం దాకా వెళ్లిన నాజీలు నవంబరులో 33.1కి జారారు. దాదాపు 20 లక్షల ఓట్లు పోయాయి. అంటే జనం వెనక్కి తగ్గుతున్నప్పుడు, మాజీ ఛాన్సలర్ పాపెన్ లాంటివాళ్లు హిట్లర్‌ను గుప్పిట్లో పెట్టుకోవచ్చని లెక్కలేసి హిండెన్‌బర్గ్‌ను ఒప్పించారు. 1933 జనవరి 30న ఏర్పడ్డ మంత్రివర్గంలో హిట్లర్‌తో కలిపి నాజీలు ముగ్గురే. కాకపోతే దేశ హోం శాఖ ఫ్రిక్‌కు, దేశంలో అతిపెద్ద రాష్ట్రమైన ప్రష్యా పోలీసులు గోరింగ్‌కు దక్కారు. ఫిబ్రవరి 27న పార్లమెంటు భవనం తగలబడింది. మర్నాడే ముఖ్యమైన పౌర హక్కులన్నీ ఆపేస్తూ ఆర్డినెన్సు వచ్చింది. దాని మీదా హిండెన్‌బర్గ్ సంతకమే, అదీ 48వ అధికరణ కిందే.