పాత సామాన్లు కొనొచ్చా అక్కా?

ప్రశ్న: అక్కా, హైదరాబాద్‌లో కొత్త కాపురం పెట్టాం. పాత ఇత్తడి గిన్నెలు, పాత పుస్తకాలు కొనుక్కోవాలని నాకు భలే ఇష్టం, మా అత్తగారేమో ఎవరో వాడినవి మనకెందుకమ్మా అంటున్నారు. ఎక్కడ కొనాలి, ఏం చూసుకోవాలి?

జవాబు: నిక్షేపంగా కొనుక్కో తల్లీ! పుస్తకాలకైతే ఆదివారం అబిడ్స్ వెళ్ళు, షాపులు మూసుంటాయి కదా, ఫుట్‌పాత్ నిండా పుస్తకాలే, పొద్దున్నే వెళ్తే ఎండా ఉండదు మంచివీ దొరుకుతాయి. విజయవాడ వెళ్తే లెనిన్ సెంటర్ అస్సలు వదలొద్దు. కొనేముందు మధ్యలో పేజీలు చిరిగాయేమో, చెదలు పట్టిందేమో చూసుకో. నాకోసారి పాత వంటల పుస్తకం దొరికింది, గోంగూర పచ్చడి పేజీలో నూనె మరక, పక్కనే పెన్సిల్‌తో "నాన్నకి కారం తగ్గించాలి" అని రాసుంది, ఆ అమ్మాయెవరో గానీ ఇప్పటికీ ఆ పేజీ తీస్తే మనసు నిండిపోతుంది నాకు.

సామాన్లకి హైదరాబాద్‌లోనే గురువారం జుమ్మేరాత్ బజార్. చిన్న అయస్కాంతం పట్టుకెళ్ళు, అంటుకుందంటే లోపల ఇనుము, అది అసలైన ఇత్తడి కాదన్నమాట. అడుగున అతుకులున్నాయేమో నీళ్ళు పోసి చూడు. ఇంటికొచ్చాక చింతపండుతో తోమితే తళతళలాడుతుంది, కానీ లోపల కళాయి (తగరం) పూత వేయించకుండా పులుసు, చారు మాత్రం కాచొద్దు.

అత్తగార్ని కూడా వెంట తీసుకెళ్ళమ్మా, బేరం ఆవిడకే వదిలెయ్.