అత్త దగ్గరే చదువుకుంటానన్న పిల్లవాడు

ప్రశ్న: మాది శ్రీకాకుళం. మా వారు ఒక ప్రైవేటు సంస్థలో అకౌంటెంటు. బాబు మూడో తరగతి, పాప ఒకటో తరగతి. ఇద్దరిదీ ఇంగ్లీషు మీడియమే. మా వీధి చివర ఉన్న ట్యూషన్ సెంటరులో ఒక్కొక్కరికి నెలకు 800 రూపాయలు తీసుకుంటారు గానీ ఒకే గదిలో 25 మంది పిల్లలు ఉంటారు. బాబు స్కూలు మాస్టారే ఇంటికి వచ్చి ఇద్దరికీ కలిపి 3,000కు చెబుతానన్నారు. ఆయనైతే మార్కుల విషయంలోనూ చూసుకుంటారని ఆశ. రెండేళ్లుగా మా ఆడపడుచే చదివించేది. డి.ఎడ్. (టీచరు శిక్షణ) చేసింది, 31 ఏళ్లు, పెళ్లి కాలేదు. నాలుగేళ్ల క్రితం మామగారు పోయాక ఆమె బాధ్యత మా మీదే పడింది, ఆయన కట్టించిన ఇంట్లో మాతోనే ఉంటోంది. మొన్న దసరాల్లో మరిది కొడుకు అన్నప్రాసననాడు “మూడు పూటలా తింటున్నందుకు ఆ మాత్రం చెయ్యాలి కదా” అని నలుగురిలో సరదాకి అన్నానని అప్పటి నుంచి చెప్పడం మానేసింది. ఆమె అంతా తెలుగులోనే చెబుతుంది కనుక ఒక రకంగా మంచిదే అనుకున్నాను. కానీ బాబు అత్త దగ్గరే చదువుకుంటానని ఏడుస్తున్నాడు. సెంటరు మంచిదా, మాస్టారు మంచిదా?

జవాబు: అమ్మా, మీరు అడిగిన దానికి ముందుగా క్లుప్తంగా చెప్పేస్తాను. కేంద్ర విద్యాశాఖ 2020లో ప్రకటించిన స్కూల్ బ్యాగ్ విధానం రెండో తరగతి వరకు ఇంటిపనే వద్దంటుంది. మూడు నుంచి అయిదో తరగతి వరకు వారానికి రెండు గంటలు దాటకూడదంటుంది. బడులు దాన్ని ఎంతవరకు పాటిస్తున్నాయో మీ బాబు సంచీ బరువే చెబుతుంది గానీ, మీ పాపకు మాత్రం ట్యూషన్ అవసరం లేదు. బాబుకు కావలసిందల్లా వాడు పైకి చదువుతుంటే పక్కన కూర్చుని విని, తప్పిన చోట ఆపి, మళ్లీ చదివించే మనిషి. 25 మంది ఉన్న గదిలో గంటన్నర కూర్చోబెడితే ఒక్కొక్కరి వంతుకు నాలుగు నిమిషాలు కూడా రావు; అక్కడ జరిగేది నోట్సులు నింపడమే. ఇక ఆ మాస్టారి సంగతి. 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 28వ సెక్షను ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదని స్పష్టంగా నిషేధించింది. పైగా మార్కుల విషయంలో చూసుకుంటారనే ఆశతో పెట్టుకునే మాస్టారి వల్ల పిల్లవాడు మొట్టమొదట నేర్చుకునేది ఏమిటో మీరే ఆలోచించండి. రెండూ వద్దన్నదే నా జవాబు.

మీ ఉత్తరంలో నన్ను కలతపెట్టింది ఈ ప్రశ్న కాదు, “సరదాకి” అన్న మాట. పెళ్లికాని ఆడపిల్ల తిండి గురించి, ఆమె తల్లి వింటుండగా, తోటికోడలు వింటుండగా, చుట్టాల మధ్య అనే మాట సరదా ఎలా అవుతుంది? అదే మాట మీ అన్నగారి ఇంట్లో మీ వదిన మిమ్మల్ని అని ఉంటే ఆ పూట మీరు విస్తరి ముందు కూర్చునేవారా?

ఆమె బాధ్యత మీ మీద పడిందని రాశారు. ఆ ఇల్లు మీ మామగారు కట్టించారని కూడా మీరే రాశారు. ఆయన వీలునామా రాయకుండా పోయి ఉంటే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన స్వార్జితంలో భార్యకూ, కొడుకులకూ, కూతురికీ సమానమైన వాటా ఉంటుంది. మీ అత్తగారు, అన్నదమ్ములిద్దరు, ఈ అమ్మాయి, వీరు నలుగురే అయితే ఆ ఇంట్లో నాలుగో వంతు ఆమెది. వాటాల తగవు పెట్టుకోమని ఈ మాట చెప్పడం లేదు. ఆమె తన తండ్రి ఇంట్లో తింటోందే తప్ప మీ దయ మీద కాదని మీరు గ్రహించాలని చెబుతున్నాను.

ఆమె ఊరికే కూర్చుని తింటోందన్నట్టు మాట్లాడడం కూడా అన్యాయమే. మన రాష్ట్రంలో ప్రభుత్వ బడులకు టీచర్లను ఎంపిక చేసే డీఎస్సీ 2018లో జరిగాక నియామకాల దాకా సాగిన మరో డీఎస్సీ 2025లో గాని రాలేదు. ఆ 16,347 పోస్టుల కోసం ఏళ్ల తరబడి టెట్ అనే అర్హత పరీక్షలు రాస్తూ, పుస్తకాలు ముందు వేసుకుని వయసు కరిగించుకున్న పిల్లలు మన జిల్లాలో ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. మీ ఆడపడుచు అలా ఎదురుచూస్తూనే రెండేళ్లు మీ ఇద్దరు పిల్లలకూ చదువు చెప్పింది. బయటి మాస్టారికి నెలకు 3,000 ఇవ్వడానికి మీకు అభ్యంతరం లేదు కదా. ఆ ధరకు రెండేళ్లకు ఎంతవుతుందో మీ వారు అకౌంటెంటే కనుక ఆయననే కట్టి చూపించమనండి. ఆ మొత్తంలోంచి ఆమె తిన్న మూడు పూటల తిండీ తీసివేసి చూసుకోండి.

తెలుగులో చెబుతుందన్న ఫిర్యాదు దగ్గర నాకు కొంచెం నవ్వు వచ్చింది. సవర గిరిజనుల పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పాలని సవర భాష నేర్చుకున్న గిడుగు రామమూర్తి పంతులుగారు మన శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలోనే పుట్టారు. ఆయన పుట్టిన జిల్లాలో, తీసివేతలో పక్క అంకె నుంచి అప్పు ఎందుకు తెచ్చుకోవాలో పిల్లవాడికి ఇంటి మాటలో చెప్పడం తప్పయిపోయిందా? అర్థమైన లెక్కను ఇంగ్లీషులో రాయడం వాడికి వారం రోజుల పని. అర్థం కానిది ఏ భాషలో రాసినా ఒకటే. వాడు అత్త కోసం ఏడుస్తున్నాడంటే ఆమెకు చదువు చెప్పడం వచ్చిందని అర్థం.

మీ వారి ఉద్యోగం తప్ప ఆయన గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు. చెల్లెలిని అంత మాట అన్నప్పుడు ఆయన అక్కడే ఉండి ఊరుకున్నారా? ఊరుకుంటే ఆ తప్పులో ఆయనకూ వాటా ఉంది. అన్నగారు తన బాధ్యతను భార్య నోటికి వదిలేసి తాను మంచివాడుగా మిగలడం మన ఇళ్లలో మామూలైపోయింది. నేను దాన్ని మంచితనం అనను. ఈ జవాబు ఆయన చేత కూడా చదివించండి.

ఇప్పుడు చేయవలసింది చెబుతాను. నలుగురిలో అన్నారు కనుక క్షమాపణ గదిలో తలుపు వేసుకుని చెబితే చాలదు. మీ అత్తగారి ఎదుట, తోటికోడలు వచ్చిన రోజున, “ఆ వేళ నేను తప్పు మాట అన్నాను” అని స్పష్టంగా చెప్పండి. “నువ్వు బాధపడితే”, “ఏదో పొరపాటున” వంటివి అందులో చేర్చకండి. మరో ముఖ్య విషయం: ఆ రోజే కాదు, ఆ తరువాత నెల రోజుల వరకు పిల్లల చదువు ఊసు ఆమె దగ్గర ఎత్తకండి. వెంటనే ఎత్తితే ట్యూషన్ ఫీజు మిగుల్చుకోవడానికే దిగివచ్చారని ఆమె అనుకుంటుంది, అలా అనుకోవడంలో తప్పు కూడా ఉండదు. ఆ తరువాత తనంతట తాను చెబుతానంటే, మాస్టారికి ఇద్దామనుకున్న 3,000 రూపాయలూ ప్రతి నెలా ఒకటో తేదీన మీ వారే ఆమె ఖాతాలో వేయాలి. ఇంటి మనిషికి జీతమేమిటని మీ అత్తగారు అన్నా సరే, వేయాలి. చెప్పనంటే అది ఆమె ఇష్టం; మళ్లీ అడగవద్దు.

ఈ నెల రోజులూ సాయంత్రం అరగంట బాబు పక్కన మీరే కూర్చోండి. అత్త దగ్గరకు వెళ్తానంటే మాత్రం ఆపకండి. పుస్తకం ఇచ్చి పంపకండి, ఊరికే వెళ్లనివ్వండి.