అరీథా పాటలో చర్చి ఎక్కడుంది?

ప్రశ్న: అరీథా ఫ్రాంక్లిన్‌ని సోల్ రాణి అంటారు, గాస్పెల్ గాయని అని కూడా అంటారు. ఈ రెండింటికీ తేడా ఏమిటండీ? నాకైతే రెండూ ఒకేలా వినిపిస్తున్నాయి.

జవాబు: మీ చెవి సరిగ్గానే పట్టింది. గాస్పెల్ అంటే అమెరికా నల్లజాతివాళ్ల చర్చిల్లో పెరిగిన భక్తి పాట. పాడేవాళ్లు ఒక మాట అంటే బృందం దానికి బదులిస్తుంది, ఒక్క అచ్చును పట్టుకుని పది స్వరాల మీదుగా లాగుతారు. అదంతా అలాగే ఉంచి, దేవుడికి చెప్పే మాటలు ప్రియుడికి చెబితే సోల్! కాస్త మోటుగా చెప్పాను గానీ అరీథా విషయంలో ఇది నిజమే. ఆమె 1942లో మెంఫిస్‌లో పుట్టి డెట్రాయిట్‌లో పెరిగింది. నాన్న సి.ఎల్. ఫ్రాంక్లిన్ అక్కడి న్యూ బెతెల్ బాప్టిస్ట్ చర్చి పాస్టర్, ఆయన ప్రసంగాలు రికార్డులుగా అమ్ముడుపోయేవి. మహేలియా జాక్సన్, క్లారా వార్డ్ లాంటి గాస్పెల్ గాయనులు ఆ ఇంటికి వచ్చిపోయేవాళ్లు.

ప్రశ్న: ‘రెస్పెక్ట్’ ఆమె సొంత పాట కాదట కదా? మరి అంత పేరెందుకు?

జవాబు: కాదు, సోల్ గాయకుడు ఓటిస్ రెడింగ్ 1965లో రాసి పాడాడు. అందులో ఇంటికొచ్చిన మగాడు నాకు గౌరవం ఇవ్వమంటాడు. 1967లో అరీథా అదే మాట ఆడదాని నోట పెట్టింది, ‘రెస్పెక్ట్’లోని ఇంగ్లిష్ అక్షరాలను ఒక్కొక్కటిగా విడగొట్టి పలికింది (ఓటిస్ పాటలో ఇది లేదు), వెనక నుంచి ఎర్మా, కారొలిన్ అందుకుంటారు, వాళ్లిద్దరూ అరీథా సొంత అక్కాచెల్లెళ్లు. చర్చి బృందం బదులివ్వడం అన్నానే, అదే ఇది.

అంతకుముందు కొలంబియా రికార్డు కంపెనీలో ఆరేళ్లు ఉంది, ఎక్కువగా జాజ్, పాప్ పాటలు పాడించారు. గొంతు బాగానే ఉంటుంది గానీ నాకు మాత్రం పరాయి ఇంట్లో కుర్చీ అంచున కూర్చున్న మనిషిలా అనిపిస్తుంది. అట్లాంటిక్ కంపెనీకి మారాక నిర్మాత జెర్రీ వెక్స్‌లర్ ఆమెను అలబామాలోని మజిల్ షోల్స్‌కు తీసుకెళ్లి పియానో ముందు కూర్చోబెట్టాడు. అక్కడ ఒక పాట పూర్తయి రెండోది మొదలవగానే గొడవ జరిగి అంతా ఆగిపోయింది, మిగతాది న్యూయార్క్‌లో ముగించారు. ఆ ఒక్క పాటా చాలు, ఆమె దారి దొరికింది. గొంతు ఎటు వెళ్తే పియానో అటే వెళ్తుంది, ఎందుకంటే రెండూ ఆమెవే.

ప్రశ్న: ఒక్క ఆల్బమ్ వినే టైమే ఉంటే ఏది వినాలి?

జవాబు: ‘అమేజింగ్ గ్రేస్’, మొహమాటం లేకుండా చెప్తున్నా. 1972 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లోని ఒక బాప్టిస్ట్ చర్చిలో, గాస్పెల్ గాయకుడు జేమ్స్ క్లీవ్‌లాండ్ బృందంతో రెండు రాత్రులు రికార్డు చేశారు. ఆమె ఆల్బమ్‌లలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైంది ఇదే. ఆల్బమ్ పేరున్న పాట దాదాపు 11 నిమిషాలుంటుంది, మాటలు మాత్రం కొన్నే. తొందరపడకుండా వినండి.

దీన్ని సిడ్నీ పొలాక్ సినిమాగా కూడా తీశాడు గానీ, షూటింగ్‌లో క్లాప్ బోర్డులు వాడకపోవడంతో బొమ్మకూ శబ్దానికీ పొంతన కుదరక ఏళ్ల తరబడి మూలన పడింది. చివరికి 2018లో, ఆమె పోయాక బయటికొచ్చింది. అందులో రెండో రాత్రి ఆమె పియానో దగ్గర పాడుతుంటే నాన్న లేచి వచ్చి ఆమె మొహం మీద చెమట తుడుస్తాడు, ఆమె మాత్రం పాట ఆపదు.