జవాబు: ఫైబ్రోలామెల్లార్ లివర్ క్యాన్సర్, ఇప్పుడు కడుపులో గడ్డ

మీ తమ్ముడికి ఇంతకుముందు ఫైబ్రోలామెల్లార్ అనే అరుదైన లివర్ క్యాన్సర్ వచ్చిందనీ, ఇప్పుడు కడుపులో (జీర్ణాశయంలో) గడ్డ ఉందనీ, ఏఎఫ్‌పీ (లివర్ క్యాన్సర్‌కి రక్తంలో చూసే మార్కర్) నార్మల్‌గా ఉంది కాబట్టి ఇది వేరే క్యాన్సరేమో అనీ అడిగారు. ఈ రకం క్యాన్సర్‌లో ఏఎఫ్‌పీ సాధారణంగా పెరగదండీ, దాన్నిబట్టి ఏదీ తేల్చలేం. లివర్ ఎడమ భాగం కడుపును ఆనుకునే ఉంటుంది, అక్కడి గడ్డ నేరుగా కడుపు గోడలోకి చొచ్చుకెళ్లగలదు. సీటీలో రెండింటి మధ్య కొవ్వు పొర మిగిలిందా అని రేడియాలజిస్టును అడగండి.

తేల్చేది బయాప్సీయే. పాత లివర్ గడ్డ బ్లాకులు (మైనంలో భద్రపరిచిన కణజాలం ముక్కలు) కూడా పాథాలజిస్టుకి ఇచ్చి పోల్చమనండి. బయాప్సీ ముక్కపై చేసే హెప్‌పార్-1, సీకే7, సీడీ68 అనే స్టెయిన్ పరీక్షలు మూడూ పాజిటివ్ అయితే లివర్ నుంచి వచ్చిందనే అనుమానం బలపడుతుంది. డీఎన్‌ఏజేబీ1-పీఆర్‌కేఏసీఏ ఫ్యూజన్ పరీక్ష (ఈ రకం క్యాన్సర్‌లో కనిపించే రెండు జన్యువుల కలయికను వెతికేది) ఇంకా గట్టి ఆధారం.

మలం నల్లగా ఉందన్నారు. ఐరన్ మాత్రల వల్ల కూడా అలా అవుతుంది, కానీ తారులా జిగటగా, దుర్వాసనతో ఉంటే రక్తమే. రక్తపు వాంతి, కళ్లు తిరగడం ఉంటే తెల్లారేదాకా ఆగకండి, ఎమర్జెన్సీకి వెళ్లండి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు ఇవ్వొద్దు, రక్తస్రావం పెరగొచ్చు. బెవాసిజుమాబ్ (రక్తస్రావం ప్రమాదం పెంచే క్యాన్సర్ మందు) మొదలుపెట్టాలంటే ఈ రక్తస్రావం సంగతి ముందే ఆంకాలజిస్టుకి తెలియాలి.

ఇంకోటి, చాలామందికి తట్టనిది: మాట తడబడినా, మత్తుగా ఉన్నా రక్తంలో అమ్మోనియా చూడమనండి. సిరోసిస్ లేకపోయినా ఈ రకంలో అది పెరగొచ్చు.