నాటకాల్లో చేరిన మేనకోడలికి

అమ్మలూ,

ఇంటర్ పరీక్షలవగానే నాటకాల బృందంలో చేరావని మీ అమ్మ చెప్పింది. సినిమాల్లోకి అదే దగ్గర దారి అన్నావట. అనుకో, తప్పులేదు. కానీ ఓ ఏడాది ఆ మాట పక్కన పెట్టు.

మొదటి నాటికలోనే నీకు పెద్ద వేషం రాదు. వేషం లేనప్పుడు రిహార్సల్‌కి ఎందుకని ఇంట్లో కూర్చోకు. ప్రాంప్టింగ్, అదే డైలాగు మర్చిపోయినవాళ్ళకి చాటునుంచి అందించే పని, అడిగి తీసుకో. స్క్రిప్టు పట్టుకుని రోజూ వింగులో, అంటే స్టేజీ పక్క తెర చాటున, నిలబడితే అందరి డైలాగులూ నోటికొచ్చేస్తాయి. ఎవరు ఎదుటివాళ్ళ మాట నిజంగా వింటున్నారో, ఎవరు తమ వంతు కోసం కాచుక్కూచున్నారో అక్కణ్ణించే బాగా తెలుస్తుంది. రెండో రకంవాళ్ళు ఎంత అరిచినా సీను పండదు. పైగా ఎవరికైనా జ్వరమొస్తే దర్శకుడు ముందు చూసేది ప్రాంప్టర్ వైపే!

వీలుచూసుకుని హైదరాబాద్ లింగంపల్లిలోని సురభి కాలనీకి వెళ్ళిరా. 1885లో వనారస గోవిందరావు గారితో మొదలైన నాటక కుటుంబాలవి. అక్కడి పిల్లలు ఊహ తెలియకముందే స్టేజీ ఎక్కుతారు. వేషం వేసినవాళ్ళే తెర లాగుతారు, సెట్టు మారుస్తారు. నీ బృందంలో చీపురు పట్టమన్నా మొహం ముడుచుకోకు.

గొంతు సంగతి. మన స్టేజీల మీద మైకులు వేలాడుతుంటాయి కదా, కొత్తవాళ్ళు ఒకదాని కిందికి చేరి అక్కడే పాతుకుపోతారు. మైకు లేకుండానే చివరి వరసకి వినిపించేలా సాధన చెయ్యి. గట్టిగా అరవమని కాదు, వాక్యం చివర మింగెయ్యొద్దని. వస్తానన్నావో రానన్నావో తేలేది ఆ చివర్లోనే. ఊపిరి అక్కడిదాకా దాచుకోవాలి. లామకాన్ లాంటి ఆరుబయలు వేదికల్లో నాటకాలు చూస్తే పాతకాపులు ఆ పని ఎలా చేస్తారో అర్థమవుతుంది.

వర్క్‌షాపుకి ఫీజు అడిగితే సరే, కట్టు. సినిమా ఛాన్స్ ఇప్పిస్తాం, ముందు ఫొటోలకి డబ్బులివ్వమంటే మాత్రం లేచి వచ్చెయ్. రిహార్సల్ ఎన్నింటికి అయిపోతుందో చేరిన రోజే అడుగు. ఆలస్యమైతే ఆఖరి మెట్రో దాటిపోకముందే బయల్దేరతానని మొహమాటపడకుండా చెప్పు. మంచి దర్శకుడు దానికేమీ అనుకోడు.

ప్రదర్శన రవీంద్రభారతిలో అయినా, ఏ కమ్యూనిటీ హాల్లో అయినా, తేదీ ఖాయమవగానే ఫోన్ చెయ్యి. పాసులు దొరకవేమోనని మీ అత్తకి ఇప్పట్నించే టెన్షన్.

మావయ్య