మొదటి మంచు పడే పూట ఇంట్లో కూర్చోవద్దు

జడ్చర్ల నుంచి వచ్చి, మిన్నెసోటాలో ఊరి బయట ఇల్లు తీసుకున్న తమ్ముడు అడిగాడు: "అన్నా, వచ్చే వారం మంచు పడుతుందంటున్నారు. అమ్మానాయన కూడా ఇక్కడే ఉన్నారు. ఒకటే టెన్షన్. ఏం చేయాలి?"

తమ్ముడూ, పనులన్నీ ముందురోజు సాయంత్రానికే ముగించుకో. మంచు పడే పూట అందరూ బయటికి రండి. ఫిబ్రవరి నాటికి దాన్ని ఎత్తిపోసీ ఎత్తిపోసీ విసుగొస్తుంది. సంబరమంతా ఈ మొదటిదానితోనే.

ఊరి బయట ఇల్లు కాబట్టి నీళ్లు బోరు మోటారుతోనే వస్తాయి. కరెంటు పోతే నల్లా బంద్. నల్గొండ, పాలమూరు వాళ్లకు ఇది ఒకరు చెప్పాలా! బకెట్లు నింపి పెట్టుకో. ఇల్లు వెచ్చబెట్టే ప్రొపేన్ గ్యాస్ ట్యాంకు మీటరు 30 శాతానికి దిగకముందే గ్యాస్ వాళ్లకు ఫోన్ చెయ్, మంచు పేరుకున్నాక లారీ మీ దారిలోకి రాలేదు. మంచు కప్పేసినా దారి తెలిసేలా, ఇంటి దారికి రెండు పక్కలా పొడుగు కర్రలు ఇప్పుడే పాతు. నేల గడ్డకడితే కర్ర దిగదు.

ఒక్కటి మాత్రం మరవద్దు. ఫర్నేస్, అంటే ఇల్లు వెచ్చబెట్టే యంత్రం, దాని పొగ గొట్టం గోడలోంచి బయటికి ఉంటుంది. దాన్ని మంచు మూసేస్తే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఇంట్లోకి మళ్లుతుంది, దానికి వాసన కూడా ఉండదు. మధ్యమధ్య వెళ్లి గొట్టం చుట్టూ మంచు తీసెయ్. ఆ వాయువును పసిగట్టే అలారం బ్యాటరీ చూసుకో. జనరేటర్ ఉంటే గ్యారేజీలో పెట్టొద్దు, ఇంటికి 20 అడుగుల అవతల పెట్టు.

ఇక అసలు సంగతి. నాయన ఊరి నుంచి గొంగడి తెచ్చుకున్నాడా? బయటికి తియ్. గొర్రె ఉన్ని కాస్త తడిసినా వెచ్చదనం పోదు. అదే నూలు సాక్సులు తడిస్తే కాళ్లు కొయ్యబారతాయి, అందుకే అందరికీ ఉన్నివే కొను. గొంగడిని అరగంట వరండాలో చల్లబడనిచ్చి, పడుతున్న మంచు కింద పట్టండి. నల్లటి ఉన్ని మీద ఒక్కో రేకూ కరగకుండా నిలబడుతుంది. ఆరు కొమ్మలు, ప్రతి కొమ్మకూ మళ్లీ సన్నటి పుల్లలు. అమ్మను కళ్లజోడు పెట్టుకుని చూడమను. ఊపిరి తగిలితే చాలు, కరిగిపోతుంది.

సున్నా డిగ్రీల దగ్గర పడే మంచు తడిగా ఉంటుంది, ముద్ద కడుతుంది. పిల్లలు బొమ్మలు చేసుకోవచ్చు. బాగా చలిలో పడేది పొడిపొడిగా ఉంటుంది, ఎంత నొక్కినా అతకదు. అప్పుడు ఊరికే అందులో నడవండి, పొర్లండి, అదీ బాగుంటుంది.

నాయన కంట పార పడితే ఊరుకోడు, దాచెయ్. చలిలో మంచు ఎత్తడం గుండెకు చాలా భారం. బీపీ, షుగర్ ఉన్నవాళ్లను అస్సలు పట్టనివ్వద్దు. నువ్వైనా ఎత్తిపోయకుండా వీలైనంత వరకు నెట్టు. ఆయన చేతికి పని కావాలంటే మెట్ల మీద ఉప్పు చల్లమను. చలి మైనస్ 9 దాటితే మామూలు ఉప్పు పెద్దగా పనిచేయదు, అప్పుడు ఇసుక చల్లాలి.